చాయ్ తాగి పోండ్రి

మా ఇంట్లో గడప దాటేవాళ్ళు ‘పోతున్న’ అనకూడదు. పాలప్యాకెట్ కోసం సందు చివరికి వెళ్ళినా ‘పోయొస్త’ అనాలి. ఇది నేను పెట్టిన కట్టుబాటు కాదు, అందరిళ్ళలోనూ ఉన్నదే. కాకపోతే ఎవరైనా మరిచిపోతే మిగతావాళ్ళు ఊరుకుంటారు, నేను వెనక్కి పిలిచి అనిపిస్తాను.

మా ఆయన రైల్వేలో ఫిట్టరు. డ్యూటీకి బయల్దేరిన ప్రతిసారీ సైకిలెక్కబోతూ వెనక్కి తిరిగి ‘వస్తనే’ అనేవాడు. ఆయన మెట్టుగూడలో ఈ ఇంట్లోనే, తన మంచం మీదే, నా చేత్తో పోసిన నీళ్ళు తాగి కన్నుమూశాడు. మా బిడ్డ కల్పలత రెజిమెంటల్ బజారులో బట్టల షాపులో పనిచేసేది. ఒకరోజు పొద్దున బస్సు అందదని హడావుడిగా చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ‘పోతున్ననే అమ్మా’ అంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చేతులు కడుక్కుని గుమ్మంలోకి వచ్చేసరికి సందు మలుపు తిరిగింది. మధ్యాహ్నం రోడ్డు దాటుతుంటే లారీ కొట్టిందని దవాఖాన నుంచి కబురొచ్చింది.

మాటకూ లారీకీ సంబంధం ఏమిటని అడుగుతారు. లేదని నాకూ తెలుసు. బడికి పోకపోయినా మోండా మార్కెట్‌లో పొట్లాల కాగితాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నదాన్ని, ఇప్పుడు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాను. తెలిసినంత మాత్రాన భయం ఊరుకోదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది మాకు. ఇంటికొచ్చినవాళ్ళు ‘ఇగ పోత’ అని లేస్తే ‘సరే’ అనకూడదు. ‘అప్పుడే ఏంది? జెర కూసోండ్రి, చాయ్ తాగి పోండ్రి’ అనాలి. వాళ్ళకు పనుందని తెలిసినా, మనకు పనున్నా అనాలి. వాళ్ళు వద్దంటారు, మనం మళ్ళీ అంటాం, ఇంకోసారి అన్నాక వాళ్ళు నవ్వుకుంటూ చెప్పులు వేసుకుంటారు. అనకపోతే తరిమినట్టు. కల్పలత కూతురు నాగజ్యోతి మాటలతోపాటే ఇది కూడా నేర్చుకుంది. తల్లి పోయేనాటికి అది రెండో తరగతి. తండ్రి వేరే పెళ్ళి చేసుకుని వరంగల్‌లో ఉండిపోయాడు. ఇంట్లో అదీ నేనూ. ఎవరో నల్లా మీటరు చూడటానికి వస్తే, చిన్న గౌను వేసుకుని ఆయన ప్యాంటు పట్టుకుని ‘చాయ్ తాగి పో’ అని ఏడ్చిన పిల్ల.

ఇప్పుడది హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతోంది. వెనక సందులో ఉండే హదస్సా దాని స్నేహితురాలు, ఒకే కాలేజీ. జనవరిలో ఒక సాయంత్రం ఇద్దరూ వగరుస్తూ వచ్చారు.

“అమ్మమ్మా, ఒక పార్కు ఉన్నది. చానా పెద్దది. జాయింట్ వీల్స్, కొండలెక్కి దిగే రైళ్ళు, నీళ్ళల్ల జారే పడవలు. ఎండాకాలం మా అసోంటి స్టూడెంట్లను పనికి తీసుకుంటరంట. రానుపోను టికెట్టు సుత వాళ్ళదే” అంది జ్యోతి.

“ఏడున్నది?”

“పోలండ్‌ల.”

“పేరులనే పో ఉన్నది. ఇంకో దేశం దొరకలేదా?”

హదస్సా నేల మీద కూలబడి నవ్వింది. “అయితే రష్యాకు పంపుదామా అమ్మమ్మా? అండ్ల ‘ర’ ఉన్నది!”

“నవ్వకు. పక్క దేశంల యుద్ధం జరుగుతున్నది. పేపర్ల చూస్తలేనా?”

“పార్కుల యుద్ధమెందుకైతది? పిల్లలు ఐస్‌క్రీం కోసం కొట్టుకుంటరేమో” అంది హదస్సా.

జ్యోతి నవ్వలేదు. నా పక్కన కూర్చుని నా చీర కొంగు చివర చుట్టలు చుడుతోంది. చిన్నప్పటి నుంచీ ఏదైనా గట్టిగా కావాలంటే అలాగే చేస్తుంది. “చదువుకునేటోళ్ళకే ఇస్తరు అమ్మమ్మా. వచ్చే ఏడాదికి నా చదువైపోతది. మళ్ళ రమ్మన్నా రానియ్యరు. ఆ జాయింట్ వీల్ దగ్గర పని అడుగుత. తలుపు పెట్టుడు, బెల్టు చూసుడు, బటన్ నొక్కుడు.”

జాయింట్ వీల్ ఎందుకో నాకు తెలుసు. కల్పలత దాన్ని ఒకసారి నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు తీసుకుపోయింది. పైకి పోయినప్పుడు చక్రం ఆగిందట. కింద ఊరంతా లైట్లు. ‘ఆ లైట్లు అయిపోయినంక ఏముంటది అమ్మా?’ అని ఇది అడిగిందట. ‘ఏమో, ఇంకా ఉంటది’ అందట తల్లి. తల్లి గురించి దానికి సరిగ్గా గుర్తున్నది ఆ మాటొక్కటే. మొహం కూడా ఫోటోలో చూసి తెచ్చుకున్నదే. ఆ ‘ఇంకా’ ఏమిటో చూడాలని దానికి పదమూడేళ్ళుగా ఉంది. మా ఇల్లు కాకుండా వేరే కప్పు కింద ఒక్క రాత్రి కూడా పడుకోని పిల్ల.

సరే అన్నాను. ఆ రోజు నుంచి నాకు అన్నం సరిగా దిగలేదు కానీ, సరే అన్నాను.

వాళ్ళ కాలేజీలో ఉద్యోగాల సంగతి చూసే సత్యదేవ్ గారు ఫోన్ చేసి మాట్లాడారు. ఆయనది రాజమండ్రి వైపు. “మీరేం కంగారు పడకండి అమ్మగారూ. పిల్లలందరూ ఒకేచోట ఉంటారు. మీ అమ్మాయి చాలా మర్యాద తెలిసిన పిల్లండీ, తప్పకుండా వచ్చేస్తుంది.” ఆ మర్యాదే దానికి అడ్డం పడుతుందని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇంటర్వ్యూ ఇంట్లోనే, ఫోన్‌లో. జ్యోతి బియ్యం డబ్బా మీద కందిపప్పు డబ్బా పెట్టి, దానికి ఫోన్ ఆనించింది. చప్పుడొస్తుందని ఫ్యాను ఆపేసింది. నన్ను మంచం చివర కూర్చోబెట్టి, “ఏమైనా సరే మాట్లాడకు, దగ్గు సుత రావద్దు” అంది. ఫోన్‌లో తెల్లగా ఒకావిడ, పక్కన ఒక కుర్రవాడు. ఆవిడ ఇంగ్లిష్‌లో నెమ్మదిగా అడుగుతోంది, జ్యోతి చెబుతోంది. బెల్టు పడకపోతే ఏం చేస్తావు, పిల్లకు తల తిరిగితే ఏం చేస్తావు. ఆవిడ తల ఊపుతోంది. మధ్యలో పక్కింటి కుక్కరు కూసింది, మౌలాలి వైపు పోయే గూడ్సు కూడా కూసింది. ఆవిడ నవ్వి, రైలా అని అడిగింది. అవును, మా రైలు అంది జ్యోతి. నాకు గుండె కుదుటపడింది.

అప్పుడు ఆవిడ ఒక ఆట లాంటిది చెప్పింది. పార్కు మూసే వేళ అయింది, నువ్వు గేటు దగ్గర ఉన్నావు, ఒక కుటుంబం గేటు దాకా వచ్చింది, మాట్లాడు అని. పక్కనున్న కుర్రవాడే ఆ కుటుంబం.

“థాంక్యూ, వెరీ నైస్ డే. వీ ఆర్ గోయింగ్ నౌ” అన్నాడతను.

జ్యోతి చెయ్యి గుండె మీద పెట్టుకుంది. దాని మొహం విచ్చుకుంది. “సో సూన్, సర్? ప్లీజ్ సిట్. హావ్ టీ అండ్ గో.”

అతను ఆవిడ వైపు చూశాడు. “నో, నో. వీ ఆర్ గోయింగ్.”

“ఫైవ్ మినిట్స్ ఓన్లీ, సర్. చిల్డ్రన్ ఆర్ టైర్డ్. ప్లీజ్ సిట్.”

ఇంకోసారి అతను పోతానని ఉంటే అది పంపించేదే. మా లెక్కలో ఇంకొక్కసారి బాకీ ఉంది. ఆవిడ చెయ్యి ఎత్తి చాలంది. ఏదో రాసుకుని థాంక్యూ చెప్పింది. ఫోన్ నల్లబడింది.

“మంచిగ చెప్పినవు బిడ్డా” అన్నాను. “ఎంత పెద్ద దేశమోళ్ళైనా మనిషికి మర్యాద మర్యాదనే.”

“నిజంగనా?” అంటూ ఫ్యాను వేసింది. చెమటకు దాని జాకెట్టు వీపుకు అంటుకుపోయింది.

హదస్సా పరుగెత్తుకొచ్చింది. దానిదీ అదే రోజు అయింది. గేటు దగ్గర ఏమన్నావే అని జ్యోతి అడిగితే, “థాంక్యూ ఫర్ కమింగ్, గుడ్ నైట్, మెట్టు చూసుకోండి అని చెప్పిన. ఏముంది అండ్ల? మా చర్చిల రెండో ఆరాధనకు జనం ఎండల నిలబడి ఉంటరు. మొదటోళ్ళను బయటకు పంపే డ్యూటీ ప్రతి ఆదివారం నాదే. మా మేనత్తనే నూకి పంపిస్త” అంది. తర్వాత “నువ్వేమన్నవే?” అంది.

జ్యోతి చెప్పింది. హదస్సా నవ్వబోయి ఆగిపోయింది. అప్పుడు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

సత్యదేవ్ గారు ఆ వారంలోనే ఫోన్ చేశారు. జ్యోతి స్పీకరులో పెట్టింది. “హదస్సాకి వచ్చిందండీ. మన అమ్మాయిని వెయిటింగ్‌లో ఉంచారు. అన్నీ బాగా చెప్పిందటండీ. కానీ అక్కడ వీల్ దగ్గర పనైనా, వంటింట్లో పనైనా, సాయంత్రమయ్యేసరికి అందరూ కలిసి పార్కు ఖాళీ చేయించాలట. వేలమంది జనం కదండీ. మీ అమ్మాయేమో టీ తాగి వెళ్ళమంటుందని...” ఆయనకు నవ్వొచ్చింది, వెంటనే సర్దుకున్నారు. “ఎవరో ఒకరు మానుకునేలా ఉన్నారట. ఇంకోసారి మాట్లాడతామన్నారు. ఈలోగా వెళ్ళండి అని చెప్పడం కాస్త నేర్పించండి అమ్మగారూ.”

నన్ను నేర్పించమన్నారు.

మరునాటి నుంచి సాధన షురూ అయింది. జ్యోతి గడప దగ్గర నిలబడుతుంది. నేను పార్కుకొచ్చిన మనిషిని. హదస్సా మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని మేడం అయింది.

“పార్క్ ఈజ్ క్లోజ్డ్” అంది జ్యోతి.

“కాళ్ళు నొస్తున్నయి, జెర కూసుంట” అన్నాను.

“అయ్యో, కూసో” అంది జ్యోతి, స్టూలు జరిపి.

“కట్!” అని అరిచింది హదస్సా. “ముసలామెకు కుర్చీ ఏస్తున్నవు. ఆమె వెనుక నాలుగు వేలమంది ఉన్నరే! చెయ్యి గుండె మీద కాదు, గేటు దిక్కు పెట్టు. మళ్ళ.”

మళ్ళీ. ఈసారి నేనే తప్పు చేశాను. అది లీవ్ అనగానే, అలవాటు కొద్దీ, “నువ్వు తిన్నవా బిడ్డా?” అన్నాను. ముగ్గురం నవ్వాం. ఆ రోజు బాగానే ఉంది. నిజం చెప్పాలంటే ఆ ఒక్కరోజే బాగుంది.

రెండోనాటికి జ్యోతికి పట్టుదల వచ్చింది. “మనసుల తెలుగు వస్తెనే నోట్ల ఇంగ్లిష్ వస్తది. తెలుగుల చెప్త. అమ్మమ్మా, నువ్వు బతిమాలు. మంచిగ బతిమాలు.”

“ఒక్కసారి ఆ చక్రం ఎక్కి దిగుత బిడ్డా. నా బిడ్డ ఎక్కింది దాన్ని.”

దాని మొహం అదోలా అయింది. కానీ చెయ్యి దించలేదు. “బంద్ అయింది. పోండ్రి.”

“పైనుంచి ఒక్కపారి చూసి...”

“లేదు. పోండ్రి. ఇగ పో.”

నేను గడప దాటి సందులోకి దిగాను. దిగాలి కదా, పంపించిందంటే వెళ్ళాలి. నా ఇంటి బయట, చెప్పులు లేకుండా నిలబడ్డాను. ఎదురింటి ఆమె గిన్నెలు తోముతూ, “ఏందమ్మా, మనమరాలు ఎల్లగొట్టిందా?” అంది. నేను నవ్వాను. నోట్లోనే, ఎవరికీ వినబడకుండా, ‘వస్త’ అనుకుని లోపలికి వచ్చాను. ఆ తర్వాత ఎన్నిసార్లు పంపించిందో లెక్క పెట్టలేదు కానీ, దిగిన ప్రతిసారీ ‘వస్త’ అనుకున్నాను. ఒక్కసారి మరిచిపోతే ఏమవుతుందోనని పరేషాన్.

వారం గడిచేసరికి జ్యోతి గొంతులో వణుకు పోయింది. చెయ్యి తిన్నగా గేటు వైపు చూపిస్తోంది. కళ్ళు నన్ను చూస్తున్నాయి కానీ, నన్ను కాదు. హదస్సా చప్పట్లు కొట్టింది. “ఇగ చాలే. నాకే భయమైతున్నది.”

రెండో ఇంటర్వ్యూకి మళ్ళీ బియ్యం డబ్బా, పప్పు డబ్బా. అదే ఆవిడ, అదే కుర్రవాడు. ఈసారి అతనే బతిమాలాడు, ఇంకో ఐదు నిమిషాలని.

“ది పార్క్ ఈజ్ క్లోజ్డ్, సర్. ప్లీజ్ లీవ్. దిస్ వే. థాంక్యూ.”

షట్టరు దించినట్టు ఉంది. వెరీ గుడ్ అంది ఆవిడ. రెండుసార్లు అంది. ఫోన్ నల్లబడ్డాక జ్యోతి నన్ను పట్టుకుని గిరగిర తిప్పింది. “అయిపోయింది అమ్మమ్మా! అయిపోయింది!” చాలా ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఎవరో అంత గట్టిగా అరిచారు.

నేను మోండాకు వెళ్ళి ఎండుమిరపకాయలు తెచ్చి కారప్పొడి కొట్టాను. మా ఆయన రాత్రి డ్యూటీ స్వెట్టరు ఎండలో వేశాను. ఎయిర్‌పోర్టులో ఏడవకుండా ఏం మాట్లాడాలో అద్దం ముందు అనుకుని చూసుకున్నాను. దానికి ‘పోయొస్త’ అనడం గుర్తుచేయాలి, తొందరలో మరిచిపోతుంది, విమానం నుంచి వెనక్కి పిలవలేను. నా దిగులంతా అదే. పంపడానికి భయపడ్డాను, అంతే. పంపే అవసరమే రాదని ఒక్కసారి కూడా తోచలేదు.

సత్యదేవ్ గారు ఈసారి ఫోన్ చేయలేదు, ఇంటికే వచ్చారు. చెప్పులు గడప బయట జాగ్రత్తగా విప్పి, కుర్చీ అంచున కూర్చున్నారు. మంచినీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకున్నారు కానీ తాగలేదు.

“ఎలా చెప్పాలో తెలియట్లేదమ్మా. ఆ ఖాళీ ముందే నింపేశారట. వేరే దేశం అమ్మాయితో.”

“ముందే అంటే?” అంది జ్యోతి.

“నీతో మాట్లాడకముందే అమ్మా. మాట ఇచ్చాం కదా అని మాట్లాడారట. చాలా బాగా చేశావని రాశారు. నాకూ ఇవాళే తెలిసింది. నేనే సరిగా కనుక్కుని ఉండాల్సింది.”

“వచ్చే ఏడాది?” అన్నాను నేను. జవాబు నాకు తెలుసు.

“వచ్చే ఏడాదికి తను స్టూడెంట్ కాదు కదండీ.”

పైన ఫ్యాను తిరుగుతోంది. గూట్లో కారప్పొడి డబ్బాకు నేను అంటించిన కాగితం మీద ‘జ్యోతి – పోలండ్’ అని నా అక్షరాలు. ఆయన అది చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు. కాసేపటికి లేచారు. “వస్తానండీ. వస్తానమ్మా జ్యోతీ.”

నేను జ్యోతి అంటుందని ఆగాను. ఎప్పుడూ దాని నోటి నుంచే ముందు వస్తుంది, నాకంటే ముందే. అది లేచి నిలబడింది.

“సరే సార్” అంది. తలుపు తెరిచి పట్టుకుంది. చెయ్యి గుమ్మం వైపు చూపిస్తోంది.

“అప్పుడే ఏంది సార్, చాయ్ తాగి పోండ్రి” అన్నాను గబగబా. ఆలస్యమైపోయింది. ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు. “పర్లేదండీ, పర్లేదండీ” అని, సందులో తల వంచుకుని వెళ్ళిపోయారు.

జూన్‌లో హదస్సా వెళ్ళింది. బయల్దేరే రోజు కొత్త సూట్‌కేసుతో మా ఇంటి ముందు ఆటో ఆపించి లోపలికి వచ్చింది. నా కాళ్ళకు మొక్కబోతే ఆపాను, మీలో మొక్కరు కదే అని. “మీ ఇంట్ల మొక్కుతరు కదా” అంది. జ్యోతిని వాటేసుకుంది. “పైకెక్కి వీడియో తీసి పంపిస్తనే. మొత్తం తీస్త. లైట్లు అయిపోయేదాకా.”

“సరే” అంది జ్యోతి. తన కోసం కొట్టిన కారప్పొడి డబ్బా తెచ్చి దాని చేతిలో పెట్టింది. కాగితం ముందే చింపేసినట్టుంది, జిగురు మాత్రం మిగిలింది.

ఆటో ఎక్కుతూ హదస్సా వెనక్కి తిరిగి, “పోయొస్త అమ్మమ్మా!” అని అరిచింది. చూశారా, మా ఇంటి మాట. అది తీసుకుపోయింది.

వీడియో వచ్చింది. జ్యోతి నాకు చూపించింది. చక్రం పైకి పోతుంటే గాలి శబ్దం, హదస్సా నవ్వు, కింద లైట్లు. లైట్లు అయిపోయాక నల్లగా ఉంది. నల్లగానే చాలాసేపు ఉంది. “ఏమున్నది బిడ్డా ఆడ?” అని అడిగాను. “ఏం లేదు” అని ఫోన్ పక్కన పెట్టింది.

ఇప్పుడది సికింద్రాబాద్‌లోనే ఒక మాల్‌లో, చిన్నపిల్లలు ఆడుకునే చోట పనిచేస్తోంది. మధ్యాహ్నం కాలేజీ నుంచి నేరుగా అటే. సెలవు రోజైతే పొద్దున్నే వెళ్తుంది. ఒక సాయంత్రం టిఫిన్ డబ్బా మరిచిపోతే ఇవ్వడానికి వెళ్ళాను. ఆరు గుర్రాల చిన్న రంగులరాట్నం ఉంది అక్కడ. నేను చేరేసరికి మూసే వేళైంది. ఒక బాబు గుర్రం మెడ పట్టుకుని దిగనంటున్నాడు. జ్యోతి వాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, దింపి, తల్లి చేతికిచ్చింది. కోపం లేదు, విసుగు లేదు. “బంద్ అయింది. పోండ్రి.” పక్కనున్న వాళ్ళ సూపర్‌వైజరు నాతో గర్వంగా చెప్పాడు, “మీ పాప ఉంటే పది నిమిషాల్ల ఖాళీ అమ్మా. ఇసొంటి పిల్ల దొరకదు.”

నేను డబ్బా ఇచ్చాను. “మంచిగ తిను” అన్నాను. “సరే” అంది. ఇంకేమైనా అంటుందేమోనని కాసేపు నిలబడ్డాను. లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతున్నారు.

నిన్న ఆదివారం. పొద్దున్నే తయారైంది. నేను పొయ్యి దగ్గర లేను, గుమ్మంలోనే కూర్చుని పేపరు చదువుతున్నాను. అది నా పక్క నుంచే చెప్పులు వేసుకుంది.

“పోతున్న” అంది.

పేపరు కింద పెట్టాను. పిలవాలని నోరు తెరిచాను. చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంది. పిలిస్తే ఆగుతుంది, అనమంటే అంటుంది కూడా, ‘సరే’ అన్నట్టే అంటుంది. ఆ గొంతుతో అంటే పనిచేస్తుందా అన్నది నాకు తెలియలేదు. అంతలో అది సందు మలుపు తిరిగింది.

ఎదురింటి ఆమె గిన్నెలు తోముతోంది. నేను లేచి, చెప్పులు లేకుండానే సందులోకి దిగాను.

‘పోయొస్త’ అన్నాను, దాని బదులు. ఇంకొకరి బదులు అంటే సరిపోతుందో లేదో ఏ పుస్తకంలోనూ చదవలేదు. మళ్ళీ అన్నాను.